గోడ మీద రాసుకున్న విలువలు స్టాఫ్ రోజువారీ పనిలోకి రావాలంటే ఏం చేయాలి?

పటమట వైస్ ప్రిన్సిపాల్:

అందరికీ నమస్కారం. నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఉన్న ప్రైవేటు స్కూలు మాది, విజయవాడలో. పిల్లలు ఆరొందల పైన, టీచర్లు 32 మంది, ఆయమ్మలు, వ్యాన్ డ్రైవర్లు, అటెండర్లు, ఆఫీసు వాళ్లు కలిపి ఇంకో 14 మంది. కిందటి జూన్‌లో మేనేజ్‌మెంటు, స్టాఫ్ కూర్చుని ఐదు విలువలు అనుకున్నారు: గౌరవం, నిజాయితీ, బాధ్యత, సమానత్వం, శ్రద్ధ. గేటు లోపల పెద్ద ఫ్లెక్సీ కట్టారు, డైరీ మొదటి పేజీలో అచ్చు వేశారు, బయటి నుంచి ఒక స్పీకర్‌ని పిలిచి రెండు గంటల సెషన్ కూడా పెట్టారు.

ఎండకి ఫ్లెక్సీ వెలిసిపోయింది గానీ తీరులో మార్పు లేదు. తప్పు జవాబు చెప్పిన పిల్లాడిని "ఇది కూడా రాదా, ఎందుకొస్తావురా బడికి" అనడం, ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు క్లాసులో చదవడం, స్టాఫ్ రూమ్‌లో "సి సెక్షన్ అంతా వేస్టు బ్యాచ్" అనుకోవడం, ఆయమ్మని "ఏయ్, ఇటు రా" అని పిలవడం అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. అలాగని మా వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. విడిగా కదిపితే ప్రతివాళ్లూ విలువలు కావాలనే అంటారు.

అడగదలుచుకున్నవి: ఎక్కడ మొదలుపెట్టాలి? పాటిస్తున్నారో లేదో కాపలా కాయకుండా ఎలా తెలుసుకోవాలి? ఇరవై ఏళ్ల సర్వీసున్నవాళ్లు "ఇవన్నీ మాకు తెలిసినవే కదండీ" అంటే ఏం చెప్పాలి? రోజుకి 8 పీరియడ్లు, ఒక్కొక్కరు 6 పీరియడ్లకి తగ్గకుండా తీసుకుంటారు. కాబట్టి వారానికో మీటింగు పెట్టమనే సలహా మాత్రం వద్దు.

*

బ్రాడీపేట ట్రైనింగ్ మాస్టారు:

మేడమ్, "గౌరవం" అనే బోర్డు చూసి రేపు పొద్దున రెండో పీరియడ్‌లో ఏం చేయాలో ఎవరికి తెలుస్తుంది? ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. ఒక మాస్టారి లెక్కలో తను రాగానే పిల్లలు లేచి నిలబడటం గౌరవం. ఇంకో మేడమ్ లెక్కలో పిల్ల మాట్లాడుతుంటే మధ్యలో తుంచకపోవడం గౌరవం. ఇద్దరూ పాటిస్తున్నామనే అనుకుంటారు, అందులో అబద్ధం కూడా లేదు. అందుకే విలువని ఒక చోటికీ, ఒక సందర్భానికీ, ఒక నోటిమాటకీ దించాలి. మీ ఐదింటిలో నాలుగు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గౌరవం ఒక్కటే తీసుకోండి, ఆరు వారాలు.

మొదటిసారి కూర్చోవడానికి 40 నిమిషాలు చాలు, అంటే ఒక్క పీరియడ్. శనివారం చివరి బెల్లు కొట్టాక పెట్టకండి. అప్పటికి డ్రైవర్లు, ఆయమ్మలు వ్యాన్ ఎక్కేసి ఉంటారు, టీచర్ల చూపు గడియారం మీద ఉంటుంది. పిల్లలు రాని పనిరోజు ఏదైనా చూసుకోండి. పేరెంట్స్ మీటింగు రోజున తల్లిదండ్రులు రాకముందు గంట అయినా సరే. 46 మందిని ఎనిమిది గుంపులు చేయండి, ఐదారుగురు చొప్పున. ప్రతి గుంపులో టీచరు కానివాళ్లు కనీసం ఒకరుండాలి. ఒక్కొక్కరికీ రెండు తెల్ల స్లిప్పులిచ్చి ఇలా అడగండి: "మన స్కూల్లో గౌరవం ఎక్కడ, ఏ టైములో పోతోంది? మనుషుల పేర్లు రాయొద్దు." రాయడం రానివాళ్లు చెబితే పక్కవాళ్లు రాస్తారు. దీనికి పది నిమిషాలు.

తర్వాత స్లిప్పులన్నీ ఒక టేబుల్ మీద పోసి చోట్ల వారీగా కుప్పలు చేయండి. గేటు, అసెంబ్లీ, క్లాసు, వరండా, స్టాఫ్ రూమ్, ఫీజు కౌంటర్, వ్యాను, బాత్రూముల దగ్గర. ఏది పెద్ద కుప్పో గది మధ్యలో నిలబడి ఉన్న అందరికీ కనపడుతుంది, మీరు నోరు తెరిచి చెప్పక్కర్లేదు. చాలా స్కూళ్లలో పెద్ద కుప్పలు రెండే: పిల్ల తప్పు జవాబు చెప్పిన క్షణం, లేటుగా వచ్చి తలుపు దగ్గర నిలబడిన క్షణం.

ఆ క్షణానికి ఒక వాక్యం రాయాలి. "ఫలానాది జరిగినప్పుడు, నేను ఫలానా పని చేస్తాను" అన్న పద్ధతిలో. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసం సారాంశం ఇదే: "బాగా ఉండాలి" అనుకున్నవాళ్ల కన్నా "ఇది ఎదురైతే ఇలా చేస్తాను" అని ముందే సందర్భంతో ముడి వేసుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువ. 45 మంది పిల్లల ముందు నిలబడి, సిలబస్ వెనకబడి, గొంతు ఎండిపోయిన టైములో మనిషి ఆలోచించి ఎంచుకోడు. నోటికి ఏది అలవాటైతే అదే వస్తుంది. మార్చాల్సింది ఆ నోటి అలవాటుని.

లేటు పిల్లల వాక్యం ఉదాహరణకి: "పిల్ల లేటుగా వచ్చి తలుపు దగ్గర నిలబడితే, పేరు పెట్టి పిలిచి 'వచ్చి కూర్చో' అంటాను. కారణం పీరియడ్ అయ్యాక విడిగా అడుగుతాను." అయిదు సెకన్లలో అయిపోతుంది, పాఠం ఆగదు. ఇదే పని "లేటు పిల్లల పట్ల సహనంగా ఉంటాం" అని రాస్తే ఎందుకూ కొరగాదు, సహనం బయటికి కనపడదు కదా. రాసిన వాక్యం పక్కన నిలబడినవాడికి కనపడాలి, లేదా వినపడాలి. "అరవం", "తిట్టం" అని కూడా రాయకండి. ఏం చేయకూడదో చెబితే ఆ ఖాళీలో ఏం చేయాలో తెలియక మళ్లీ పాత మాటే వస్తుంది.

తప్పు జవాబు విషయంలో ఇంకో చిన్న కొలత పనికొస్తుంది. అమెరికాలో మేరీ బడ్ రో 1970ల్లో క్లాసుల్ని రికార్డు చేసి విన్నారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మించి ఆగడం లేదు. 3 సెకన్లు ఆగడం నేర్పితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అసలు జవాబే రాకపోవడం తగ్గింది. 3 సెకన్లంటే తక్కువే అనిపిస్తుంది గానీ క్లాసులో నిశ్శబ్దంగా నిలబడి చూడండి, చాలా పొడుగు. మనసులో "ఒకటి, రెండు, మూడు" లెక్కపెట్టుకోమనాలి, లేకపోతే ఒకటిన్నర దగ్గరే పక్క పిల్లని లేపేస్తారు.

ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. వాక్యం ప్రిన్సిపాల్ గారు రాసిచ్చి సంతకాలు పెట్టించుకుంటే అది సర్క్యులర్ అయిపోతుంది, ఫైల్లోకి పోతుంది. ఐదు విలువలకి ఐదు వాక్యాలు ఒకేసారి ఇస్తే ఒక్కటీ నిలవదు. ఇక టైము: మన దగ్గర బడులు జూన్ 12న తెరుస్తారు. మొదటి రెండు వారాలు పుస్తకాలు, యూనిఫాం, అడ్మిషన్ల గోల. జూన్ ఆఖరి వారంలో స్లిప్పుల పని, జూలై మొదటి సోమవారం నుంచి ఆగస్టు సగం దాకా మొదటి వాక్యం, ఆగస్టు 15 తర్వాత నుంచి దసరా సెలవుల దాకా రెండోది. సంక్రాంతి దాటాక కొత్తది మొదలుపెట్టకండి, పదో తరగతి స్టడీ అవర్లు అన్నిటినీ మింగేస్తాయి. ఏడాదికి మూడు వాక్యాలు నిలబడితే నా దృష్టిలో గొప్పే.

"మాకు తెలిసినవే" అనే సీనియర్లకి ఉపన్యాసం ఇవ్వకండి. స్లిప్పులు వేరుచేసే పని, వాక్యం మాటలు సరిదిద్దే పని వాళ్ల చేతిలో పెట్టండి. 45 మంది క్లాసులో ఏ మాట నడుస్తుందో, ఏది పుస్తకాల మాటో మనకన్నా వాళ్లకి బాగా తెలుసు.

*

లీజర్ లేని సోషల్ టీచర్:

మాస్టారు చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ పైనుంచి మొదలుకాకపోతే ఆరు వారాలు కాదు, ఆరు నెలలైనా దండగే. కాస్త కటువుగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

ఫీజు బాకీ పేర్లు క్లాసులో టీచరు తన సరదాకి చదవదు. ఆఫీసు లిస్టు పంపి "సాయంత్రంలోగా ఎంతమంది కట్టారో చెప్పండి" అంటుంది కాబట్టి చదువుతుంది. ఆ లిస్టు క్లాసుకి పంపడం మానేస్తే సమస్య ఆ రోజుతో సరి. దీనికి ట్రైనింగూ అక్కర్లేదు, వాక్యమూ అక్కర్లేదు.

నిజాయితీ సంగతీ అంతే. ఫార్మేటివ్ మార్కుల్లో, అంటే ఏడాది పొడవునా వేసే మార్కుల్లో, "ఎవరికీ మరీ తక్కువ కనపడకూడదు" అని నోటిమాటగా చెప్పి, పక్క గోడ మీద నిజాయితీ అని బోర్డు పెడితే టీచరు దేన్ని నమ్మాలి? రికార్డు చూసేవాళ్లు వస్తున్నారని ఒక్క రాత్రిలో నోట్‌బుక్ కరెక్షన్లకి పాత తేదీలు వేయించడం, అడ్మిషన్ల లెక్క కోసం మే నెల 43 డిగ్రీల ఎండలో టీచర్లని ఇల్లిల్లూ తిప్పడం, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం. ఇవి ఏ విలువ కిందికి వస్తాయో మేనేజ్‌మెంట్లే చెప్పాలి.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకోండి. ఎడమవైపు మీ ఐదు విలువలు, కుడివైపు ఆ విలువకి అడ్డొస్తున్న ఆఫీసు ఆదేశం. కరస్పాండెంట్ గారితో కూర్చుని కుడివైపు నుంచి కనీసం ఒక్కటి కొట్టేయించండి. స్టాఫ్‌తో మొదటి మీటింగులో చెప్పాల్సిన మొదటి మాట అదే: "ఇవాళ్టి నుంచి ఫీజు లిస్టు క్లాసుకి రాదు." ఆ తర్వాత మీరు ఏమడిగినా వింటారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పిల్లల ముందు టీచర్ని నిలదీసే ప్రిన్సిపాల్ ఉన్నచోట టీచరు పిల్లాడిని నిలదీయకుండా ఉండదు. అరుపు పైనుంచి కిందికే పారుతుంది, కృష్ణా కాలువ లాగా.

*

భవానీపురం ఆఫీసు సూపరింటెండెంట్:

టీచర్ల గురించి అందరూ రాస్తారు, కౌంటర్ గురించీ వ్యాన్ గురించీ ఎవరూ రాయరు. తల్లిదండ్రులకి మాత్రం స్కూలంటే ముందు ఆ రెండే.

ఫీజు లిస్టు క్లాసుకి పంపకపోతే వసూలు ఎలా అని మేనేజ్‌మెంటు తప్పకుండా అడుగుతుంది. పద్ధతి ఉంది. బాకీ సంగతి పెద్దవాళ్లతోనే మాట్లాడాలి, పిల్ల చేతికి ఏమైనా ఇవ్వాల్సి వస్తే అంటించిన కవరు ఇవ్వాలి, కవరు అందరు పిల్లలకీ వెళ్లాలి. కట్టినవాళ్లకి రసీదు స్టేట్‌మెంటు, కట్టనివాళ్లకి బాకీ స్టేట్‌మెంటు. బాకీ ఉన్న పదిమందికే కవరు ఇస్తే పేర్లు చదివినట్టే లెక్క, మధ్యాహ్నం బెల్లులోపు క్లాసంతా తెలిసిపోతుంది. ఫోన్ చేసేవాళ్లు పొద్దున 10 లోపు చేయకూడదు. ఆటోనగర్‌లో పనిచేసే తండ్రి అయినా, ఇంట్లో వంట మీదున్న తల్లి అయినా ఆ టైములో గట్టిగా మాట్లాడి పెట్టేస్తారు. సాయంత్రం 5 తర్వాత అయితే "ఫలానా తేదీకి ఎంత కట్టగలరండీ" అని అడిగి తేదీ రాసుకోవచ్చు. కౌంటర్ ముందు ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు బాకీ మొత్తం పైకి చదవకూడదు, కాగితం మీద అంకె రాసి వాళ్లవైపు తిప్పాలి. ఇదే మా కౌంటర్ వాక్యం. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద పేద, వెనకబడిన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇచ్చే 25 శాతం సీట్లలో చేరినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్ల పేర్లకి రిజిస్టరులో వేరే రంగు ఇంకు, వేరే గుర్తు ఉంటే ముందు అది తీసేయండి. టీచరు చూపు తెలియకుండానే ఆ రంగు వెంట పోతుంది.

వ్యాన్‌లో బాధ్యత అంటే లెక్క. ఎక్కేటప్పుడు ఆయమ్మ పేరు పిలిచి టిక్కు పెట్టాలి, దిగాక డ్రైవరు వెనక సీటు దాకా నడిచి వెళ్లి చూసి రావాలి. అద్దంలో చూస్తే సరిపోదు, నిద్రపోయిన ఎల్‌కేజీ పిల్ల సీటు కింద ఉంటుంది. వెనక అద్దానికి ఒక అట్టముక్క తగిలించండి, ఒకవైపు "చూడలేదు", ఇంకోవైపు "చూశాను". దాన్ని తిప్పాలంటే అక్కడిదాకా నడవక తప్పదు. సింగ్‌నగర్ రూట్లో వానలకి రోడ్డు మునిగి దారి మళ్లిన రోజు ఏ స్టాపు మారిందో తల్లిదండ్రులకి ఫోన్ చేసే పని డ్రైవరుది కాదు, ఆఫీసుది. ఇది ముందే అనుకోకపోతే డ్రైవరు బండి నడుపుతూ ఫోన్ ఎత్తుతాడు.

ఇక సమానత్వం. మీ స్టాఫ్ రూమ్‌లో టీ ఎందులో ఇస్తున్నారో ఒకసారి చూడండి. టీచర్లకి పింగాణీ కప్పు, ఆయమ్మకీ స్వీపర్‌కీ పేపర్ కప్పు, లేదా కిటికీ దగ్గర విడిగా బోర్లించిన ఒక స్టీలు గ్లాసు. ఎవరూ కావాలని పెట్టింది కాదంటారు. ఎప్పటినుంచో అలా ఉందంటారు. టీ తెచ్చే అటెండరుకి ఏ గ్లాసు ఎవరిదో మాత్రం బాగా తెలుసు, ట్రే మీద అది ఎప్పుడూ ఓ చివరగానే ఉంటుంది. 46 ఒకేరకం గ్లాసులు కొనండి, కడిగి ఒకే బుట్టలో బోర్లించండి. మీరుండేది పటమట కాబట్టి చెబుతున్నాను, 1947లో సంఘ సంస్కర్త గోరా గారి నాస్తిక కేంద్రం ముదునూరు నుంచి అక్కడికే వచ్చింది. కులం తేడా లేకుండా అందరికీ సహపంక్తి భోజనాలు పెట్టించిన మనిషి ఆయన. అదే పేటలో గ్లాసులు వేరుగా ఉండటం బాగోదు.

పిలుపు కూడా. ఆయమ్మలకి పేర్లున్నాయి. పేరు పక్కన "గారు" గానీ "అమ్మ" గానీ చేర్చి పిలవాలని ఒక వాక్యం పెట్టుకుంటే వారం తిరక్కముందే పిల్లల నోట వినపడుతుంది. పిల్లలు కాపీ కొట్టేది ముందు మన పిలుపునే.

*

గుణదల సైన్స్ మేడమ్:

"ఈ నెల విలువల టీచర్" అని ఒక అవార్డు పెట్టి అసెంబ్లీలో ఇస్తే సరిపోదా? ఖర్చు తక్కువ, హుషారుగానూ ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టొచ్చు.

*

బ్రాడీపేట ట్రైనింగ్ మాస్టారు:

మేడమ్, నెలకి ఒకరికి అవార్డంటే మిగతా 45 మందికి రాలేదని అర్థం. మూడో నెలకి "వంతులవారీగా ఇస్తున్నారు" అంటారు, నాలుగో నెలకి నిజంగానే వంతులవారీగా ఇవ్వాల్సి వస్తుంది. ఆయమ్మకి ఎప్పుడో ఏడో నెలలో వస్తుంది. ఫోటో సంగతి అంతకన్నా ప్రమాదం, ఫోటో కోసం చేసే పని ఫోటో అవగానే ఆగిపోతుంది.

మెచ్చుకోలు వద్దని కాదు. చూసిన పనిని చూసినట్టు అప్పుడే చెప్పాలి. "ఆరో తరగతిలో ఆ పిల్లాడు లేటుగా వస్తే మీరు పాఠం ఆపకుండా కూర్చోబెట్టారు, చూశాను" అంటే చాలు. "మీరు చాలా మంచి టీచరండీ" అంటే రేపు ఏది మళ్లీ చేయాలో తెలియదు.

కాపలా లేకుండా తెలుసుకోవడం ఎలా అన్నారు కదా. జంటలు వేయండి. వేరే సబ్జెక్టు, ఇంచుమించు సమానమైన సర్వీసు ఉన్న ఇద్దరు ఒక జంట. ఒకే సబ్జెక్టయితే పాఠం తప్పులు వెతుకుతారు. రెండు వారాలకొకసారి ఒకరి క్లాసులో ఇంకొకరు 10 నిమిషాలు వెనక బెంచీలో కూర్చుంటారు. చూసేది ఆ ఒక్క వాక్యమే. బ్లాక్‌బోర్డు రాత, క్లాసులో గోల లాంటివి రాయకూడదు. చిన్న స్లిప్పు మీద రెండే అంకెలు: ఆ సందర్భం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు వాక్యం ప్రకారం జరిగింది. స్లిప్పు ఆ టీచరుకే ఇస్తారు, ప్రిన్సిపాల్ గదికి రాదు. ఇక్కడ మేనేజ్‌మెంట్లు ఆగలేక స్లిప్పులు అడిగేస్తాయి. అడిగిన మరుసటి వారం నుంచి అన్ని స్లిప్పులూ "4కి 4" అని వస్తాయి. ఇంక్రిమెంట్‌కి ముడిపెడితే అసలు చూడకుండానే రాస్తారు.

సబ్‌స్టిట్యూషన్ (రాని టీచరు క్లాసుకి ఇంకొకర్ని పంపడం) లెక్క కూడా చెబుతాను, అడుగుతారు కాబట్టి. 32 మందికి 16 జంటలు. రెండు వారాల్లో ఒక్కొక్కరూ ఒకసారి వెళ్లాలి, అంటే 32 సార్లు 10 నిమిషాలు. లీజర్ పీరియడ్లో, అంటే క్లాసు లేని పీరియడ్లో, మొదటి 10 నిమిషాలు వాడుకుంటే ఎవరినీ సర్దక్కర్లేదు. ఆ వారంలో ఆ టీచరుకి సబ్‌స్టిట్యూషన్ మాత్రం వేయకండి. లీజరు పోతే ముందు మానేసేది ఇదే.

స్కూలు మొత్తం ఎలా ఉందో తెలియాలంటే పిల్లల్ని అడగండి, అదీ టీచరు పేరు లేకుండా. 6 నుంచి 9 తరగతులకి ఆరు వారాల మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఒకే ప్రశ్న: "ఈ వారం క్లాసులో ఎవరైనా తప్పు జవాబు చెప్పినప్పుడు ఏం జరిగింది? ఒక్క మాటలో రాయండి." వాళ్ల పేరూ వద్దు, సెక్షనూ వద్దు. చదివేటప్పుడు మూడు కుప్పలు: నవ్వారు లేదా తిట్టారు, ఏమీ అనలేదు, మళ్లీ ప్రయత్నించమన్నారు. మూడు అంకెలు స్టాఫ్ రూమ్ బోర్డు మీద రాస్తే చాలు. చేతిరాత గుర్తుపట్టి "ఇది ఫలానా పిల్లాడు" అనేవాళ్లుంటారు, కాబట్టి స్లిప్పులు చదివే పని ఆ తరగతులకి పాఠం చెప్పని ప్రైమరీ టీచరుకి ఇవ్వండి.

*

పటమట వైస్ ప్రిన్సిపాల్:

చాలా సంతోషం. కుడి ఎడమల కాగితం ఇవాళే రాస్తాను, గ్లాసుల సంగతి చదివి కాస్త సిగ్గు కూడా వేసింది. ఇంకో రెండు సందేహాలు. కొట్టే టీచర్లు ఇద్దరున్నారు, ఫలితాలు మాత్రం బాగా చూపిస్తారు, తల్లిదండ్రుల్లో కొందరు "రెండు తగిలించండి పర్లేదు" అని వాళ్లే అంటారు. ఇది కూడా వాక్యాలతోనే సరిచేయాలా? రెండోది, ఏడాది మధ్యలో నలుగురైదుగురు మానేసి కొత్తవాళ్లు వస్తారు. వాళ్లని ఎలా కలుపుకోవాలి?

*

గుంటూరు హెచ్‌ఎం:

కొట్టడాన్ని ఈ లెక్కలో కలపకండి. అది చట్టం. విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 17 శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. తల్లిదండ్రులు అనుమతి ఇచ్చినా చెల్లదు, ఇవ్వడానికి వాళ్లకి ఆ హక్కు లేదు. ఫలితాలు బాగున్నాయన్నది జవాబు కాదు. వాళ్లిద్దరినీ విడివిడిగా పిలిచి, నోటితో ఒకసారి, కాగితం మీద ఒకసారి చెప్పి, అందినట్టు సంతకం తీసుకోండి. మళ్లీ జరిగితే చర్య ఏమిటో ఆ కాగితంలోనే ఉండాలి. ఇక పిల్లల మీద లైంగిక వేధింపు అనుమానం వస్తే పోక్సో చట్టం 2012, సెక్షన్ 19 ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి. "ముందు మేనేజ్‌మెంటులో మాట్లాడుకుందాం" అన్నదానికి అక్కడ చోటు లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆయమ్మల దగ్గరా, డ్రైవర్ల దగ్గరా కూడా ఉండాలి, పిల్లలు ఎక్కువసార్లు ముందు చెప్పేది వాళ్లకే.

అయితే బెత్తం లాక్కుని చేతులు దులుపుకుంటే ఆ టీచరుకి క్లాసు చేజారుతుంది, నెల తిరక్కుండా బెత్తం స్కేలు రూపంలో తిరిగొస్తుంది. చేతికి ఇంకోటి ఇవ్వాలి. గొడవ చేసే పిల్లాడి దగ్గరికి నడిచి వెళ్లడం, క్లాసంతా వినేలా కాకుండా బెంచీ ఎత్తుకి వంగి తక్కువ గొంతుతో పేరు చెప్పి ఒక్క పని అడగడం ("పుస్తకం తీసి ఏడో లెక్క మొదలుపెట్టు"), అడిగి వెంటనే వెనక్కి తిరిగి వెళ్లిపోవడం. ఎదురుగా నిలబడి చూస్తూ ఉంటే పిల్లాడికి స్నేహితుల ముందు పంతం వస్తుంది. అయినా వినకపోతే పీరియడ్ అయ్యాక వరండాలో రెండు నిమిషాలు. టీచరుకే కోపం ఆగని రోజులుంటాయి. అలాంటప్పుడు పక్క క్లాసు టీచరుతో ముందే ఒక ఒప్పందం ఉండాలి: "డస్టర్ ఇస్తారా మేడమ్" అని పిల్లని పంపితే ఆవిడ వచ్చి అయిదు నిమిషాలు నిలబడుతుంది, ఈవిడ వెళ్లి మంచినీళ్లు తాగి వస్తుంది. ఎందుకని అడగకూడదు.

ప్రభుత్వ బడుల్లో మాకు ఇంకో చోటు ఉంది, మధ్యాహ్న భోజనం. వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూడాలన్నది నిబంధన. రిజిస్టరులో సంతకం ఎలాగూ ఉంటుంది. నిజంగా చూశారా లేదా అన్నది తేలాలంటే చూసే టీచరు పిల్లల వరుస ఎదురుగా, అదే పళ్లెంలో, అదే గరిటెతో పెట్టించుకుని తినాలి. గదిలోకి గిన్నె తెప్పించుకుని సంతకం చేస్తే ఆ "బాధ్యత" పిల్లలకి కనపడేది లేదు. సాంబారులో ఉప్పు ఎక్కువైతే వంటమ్మతో మాట్లాడేది కూడా విడిగానే, వరుస ముందు కాదు. ఆవిడ గౌరవం కూడా లెక్కలోదే కదా. గదులు ఊడ్చే వంతు ఆడపిల్లలకే పడుతోందా, బల్లలు మోసే వంతు మగపిల్లలకే పడుతోందా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. రోల్ నంబర్ల ప్రకారం వేస్తే తగువు తీరుతుంది.

కొత్తవాళ్ల సంగతి. చేరిన రోజునే 12 పేజీల నియమావళి ఇవ్వకండి, చదవరు. మూడు రోజులు ఒక జంట వెనక తిరగనివ్వండి. మొదటి రోజు చూడటం, రెండో రోజు సగం పీరియడ్, మూడో రోజు పూర్తి పీరియడ్. ప్రస్తుతం నడుస్తున్న ఒక్క వాక్యం చిన్న కార్డు మీద రాసి హాజరు పట్టీలో పెట్టి ఇవ్వండి. హాజరు పట్టీలో ఇంకా కులం కాలమ్ ఉంటే, ఆ పట్టీ మాత్రం మార్చి ఇవ్వండి. ఇంటర్వ్యూలో కూడా "మీకు విలువలంటే ఏమిటి" అని అడక్కండి, అందరూ అదే చెబుతారు. డెమో క్లాసులో ఒక పిల్ల చేత కావాలని తప్పు జవాబు చెప్పించి, ఏం చేస్తారో చూడండి.

*

పటమట వైస్ ప్రిన్సిపాల్:

కృతజ్ఞతలు సార్. స్లిప్పుల దాకా ఆగకుండా ఒక వాక్యం రాసి చూశాను, ఎలా ఉందో చెప్పండి: "తప్పు జవాబు చెప్పిన విద్యార్థిని ఎగతాళి చేయకుండా ప్రోత్సహిస్తాను."

*

బ్రాడీపేట ట్రైనింగ్ మాస్టారు:

"చేయకుండా" తీసేయాలి. "ప్రోత్సహిస్తాను" అంటే ఏం చేస్తారో తెలియదు. "విద్యార్థి" అన్న మాట రిజిస్టరులో ఉండనివ్వండి. ఇలా మార్చి చూడండి:

"పిల్ల జవాబు తప్పయితే, 'ఎలా వచ్చిందో చెప్పు' అని అడిగి మూడు లెక్కపెట్టేదాకా ఆగుతాను. అప్పటికీ రాకపోతే ఇంకొకర్ని అడిగి, సరైన జవాబు వచ్చాక మళ్లీ ఆ పిల్ల చేతే చెప్పిస్తాను."

చివరి భాగం వదలకండి. మళ్లీ తన నోటితో సరైన జవాబు చెప్పి కూర్చున్న పిల్ల మరుసటి రోజు కూడా చెయ్యెత్తుతుంది. లెక్కల మాస్టార్లు మాత్రం "ప్రతి తప్పుకీ ఇలా అడిగితే సిలబస్ అవదు" అంటారు, అందులో న్యాయం ఉంది. పీరియడ్‌కి రెండుసార్లు చాలని వాళ్లతో ముందే మాట అనుకోండి. కార్డు ఫ్లెక్సీ వాళ్ల దగ్గర అచ్చు వేయించొద్దు, స్లిప్పుల మీటింగులో మాటలు ఎటూ మారతాయి. అప్పటిదాకా పెన్సిల్‌తోనే రాసుకోండి.